ఈసడింపు గోడ

కొమ్ములవాళ్ళూ తోకలవాళ్ళూ కలిసి చేసిన పని లోకంలో ఒక్కటే ఉండేది. అది వాళ్ళ మధ్య ఉన్న గోడ. తాపీ పట్టినవాడు లేడు, సున్నం కలిపినవాడు లేడు. ఇటునుంచి వీళ్ళు వాళ్ళను ఈసడించుకున్నారు, అటునుంచి వాళ్ళు వీళ్ళను ఈసడించుకున్నారు, గోడ దానంతటదే లేచింది. వెనకటికి ఎవరో మంత్రగాడు ఈ రెండు జాతుల తగువులు తీర్చీ తీర్చీ విసుగెత్తి, సరిహద్దు పొడుగునా బూడిద చల్లి వెళ్ళిపోయాడు. ఆ మట్టి మీద నిలబడి ఒకరినొకరు మనసారా చులకన చేసుకుంటే చాలు, ఇద్దరి మధ్యా రాయి మొలుస్తుంది. మనసులో లేని తిట్టుకు ఇసుక రేణువు కూడా పుట్టదు. మనసు మారితే మొలిచిన రాయి ఇసుకై రాలిపోతుంది. ఈ వింత చూసి రెండు జాతులూ సిగ్గుపడతాయని మంత్రగాడి ఆశ. అంత తెలివితక్కువ మంత్రగాడు మళ్ళీ పుట్టలేదు.

వాళ్ళు సిగ్గుపడలేదు సరికదా, దాన్నొక కొలువు చేసుకున్నారు. కొమ్ములవాళ్ళ వైపు గోడ మీద చెక్కలతో ఒక మంచె కట్టారు. ఎండ తగలకుండా పైన గుడ్డ, గొంతు తడుపుకోవడానికి కూజా, కాళ్ళు నొప్పెడితే కూర్చోవడానికి ముక్కాలిపీట. అక్కడ నిలబడి అవతల కనబడ్డ ప్రతి తోకనూ ఈసడించడమే పని. ఆ పని చేస్తూ వచ్చిన ఒకావిడ తరవాత అది ఆమె పెద్దకూతురికి వచ్చింది. ఊరంతా ఆమెను గోడక్క అనేవారు. సొంత పేరు ఏదో ఉండేది గాని, పిలిచేవాళ్ళు లేక అది మూలపడిపోయింది.

గోడక్క పనిమంతురాలు. ఊరికే "ఛీ తోకలవాళ్ళారా" అని అరిచే రకం కాదు. ఒక మనిషిని చూసుకుని మరీ మొదలుపెట్టేది. "అదిగో, ఆ సోగ్గాడు. తోకకు నూనె రాసుకుని దువ్వుకున్నాడు, మొహం కడుక్కోవడం మాత్రం మరిచిపోయాడు" అనేది. ఆ మాట నిజంగానే ఆమెకు ఏవగింపు పుట్టించేది కనక టక్కున రాయి లేచేది. చెల్లెలికి ఇంకా పదునైన నోరుండేది. తల్లి ఆశంతా ఆ చిన్నదాని మీదే. కానీ ఆ చిన్నది కాస్తా అవతలివైపు తాళ్ళు పేనేవాణ్ణి మనువాడి, మంచంలో ఉన్న తల్లిని అక్క నెత్తిన పడేసి, గోడ దాటి వెళ్ళిపోయింది. తల్లి పోయినప్పుడు కూడా చూడడానికి రాలేదు. గోడక్క చెప్పే కథ ఇది. ఎవరడిగినా, అడక్కపోయినా ఇదే చెప్పేది.

ఇదిలా ఉండగా గోడ పలచబడటం మొదలైంది. కారణం ఏ మాయా మంత్రమూ కాదు, విసుగు. పొద్దున లేస్తే అవే తోకలు, అవే తిట్లు. గోడక్కకు ఆవలింతలు వచ్చేవి, వినే తోకలవాళ్ళకూ వచ్చేవి. గోడలో బీటలు పడ్డాయి. ఆ బీటల్లోంచి పాల చెంబులు అటు పోయి తాళ్ళ చుట్టలు ఇటు వచ్చేవి. కాపలావాళ్ళు ఆ సమయానికి ఎంచక్కా ఆకాశం వైపు చూసేవారు.

ఇది పెద్దకొమ్ము దొర చెవిన పడింది. ఆయన గోడకు అధిపతి. ఆయన కొమ్ములు మామూలువే, వాటికి తొడిగిన బంగారు తొడుగులే పెద్దవి. గోడ లేకపోతే గోడకొక దొర ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనన్నదే ఆయనకు ప్రపంచంలో ఉన్న ఏకైక భయం. అందుకని ఊరినంతా పోగుచేసి, వెనక అల్లుణ్ణి పెట్టుకుని, గోడ పరీక్షకు వచ్చాడు. ఆ అల్లుడు మహావీరుడు. ఒంటి నిండా ఇనుప తొడుగు, మొలలో కత్తి. ఎన్నో యుద్ధాల్లో గెలిచానని చెప్పుకునేవాడు. అన్ని యుద్ధాల్లోనూ శత్రువుకూ అతనికీ మధ్య ఈ గోడే ఉందన్న సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

"ఏమ్మా గోడక్కా, చెయ్యి పెడితే అవతలికి పోతోందేం?" అన్నాడు దొర, ఒక బీటలో వేలు దూర్చి.

"గొంతు బాగోలేదు దొరా."

"గొంతు కాదు, బాగోలేనిది మనసు. వాళ్ళ మీద జాలి పుట్టిందేమో చూసుకో. ఎంతైనా మీ చెల్లెలి రక్తమే కదా నీలో ఉన్నదీ."

జనం కిసుక్కున నవ్వారు. గోడక్క మొహం కందగడ్డ అయింది. తన పనిని ఏమన్నా పడేది గాని, చెల్లెలితో జత కట్టి మాట్లాడితే పడేది కాదు. మంచె ఎక్కింది. తోకలవాళ్ళ మీద ఏదో అందామని చూస్తే నోట్లోకి ఏమీ రాలేదు. అప్పుడు, ఊరందరి ముందూ ఎప్పుడూ చెయ్యని పని చేసింది. సొంత ఇంటి కోపాన్ని తెచ్చి ఊరి గోడకు పోసింది.

"ఒసే సిగ్గులేనిదానా! కన్నతల్లి కళ్ళు మూస్తే చూడ్డానికి రాని నీదీ ఒక బతుకేనా? ఆ తాళ్ళవాడి తోక పట్టుకుని వేలాడు! నువ్వు నా తోడబుట్టినదానివంటే ఈ కొమ్ములు కోసుకోవాలనిపిస్తుంది!"

గోడ మూలిగింది. రాళ్ళు ఒకటి కాదు, బస్తా విప్పి కుమ్మరించినట్టు వచ్చాయి. బీటలు పూడిపోయాయి. గోడ అవతలివైపుకు కడుపులా ఉబ్బింది. జనం కేకలు, ఈలలు. దొర ఆనందం పట్టలేక తన పాత తొడుగొకటి తీసి ఆమె కుడికొమ్ముకు తగిలించాడు. అది బిగుతుగా ఉంది, కొమ్ము మొదట్లో నొక్కుతోంది. అయినా గోడక్క దాన్ని తియ్యకుండానే పడుకుంది.

మర్నాడు పొద్దున ఆమె పెరట్లో మొహం కడుక్కుంటుంటే ప్రహరీ మీంచి ఒక తాడు జారింది. తాడు వెంట ఒక మనిషి, మనిషి వెంట ఒక తోక. మోకాళ్ళు కొట్టుకుపోయి, ఒళ్ళంతా దుమ్ముతో ఉన్నాడు. చూడగానే పోల్చుకుంది. తాళ్ళు పేనేవాడు, చెల్లెలి మొగుడు.

"వదినా, అరవకండి. మీ కాళ్ళకు దణ్ణం పెడతాను."

"వదిన ఎవర్రా నీకు?"

"అది తరవాత తేల్చుకుందాం. మా ఇల్లు గోడ మొదట్లోనే ఉంది. నిన్న గోడ ఉబ్బి ఇంటిని మింగేసింది. మీ చెల్లెలు లోపలే ఉండిపోయింది."

గోడక్క చేతిలో చెంబు జారిపడింది. భయమేసింది. ఇన్నాళ్ళూ అది చస్తే పీడా పోతుందని నలుగురిలో అన్న మనిషి, ఇప్పుడు మొహం తుడుచుకోకుండానే అతని దగ్గరికి వచ్చింది.

"బతికుందా?"

"ఉంది. మిమ్మల్ని తిడుతోంది. పొగ పోయే సందొకటి మిగిలింది, దాంట్లోంచే గాలి. తను తిట్టినకొద్దీ లోపలినుంచి రాళ్ళు మొలిచి అదీ పూడిపోతోంది."

"నోరు మూసుకోమని చెప్పలేకపోయావా?"

"మీ ఇంటి ఆడపిల్లకు ఆ మాట చెప్పి నెగ్గినవాడు ఉన్నాడా వదినా?"

గోడక్క చెంగు దోపుకుని బయల్దేరింది.

గోడ మెట్ల దగ్గర దొరగారి అల్లుడు అడ్డం నిలిచాడు. తోకలవాణ్ణి చూడగానే కత్తి మీద చెయ్యి వేశాడు. కత్తి రాలేదు. తుప్పు పట్టి ఒరలోనే అతుక్కుపోయింది. రెండు చేతులా లాగాడు, ఒర కూడా కదిలి మొలతాడు తెగింది.

"ఆజ్ఞ లేకుండా గోడ దాటకూడదు! నీ మనసు మారితే మా మామగారి గతేం కాను?" అని అరిచాడు, జారిపోతున్న ఇనుప తొడుగును పైకి లాక్కుంటూ.

గోడక్క అతన్ని కిందినుంచి పైదాకా ఒక్క చూపు చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. వీరుడి కాళ్ళ చుట్టూ మోకాళ్ళదాకా రాళ్ళు మొలిచాయి. అతను నోరు తెరిచి చూశాడు, ఆమే నివ్వెరపోయింది. కొమ్ములవాడి చుట్టూ రాయి మొలవడం ఎవరూ ఎరగరు. ఇన్ని తరాల్లోనూ ఆ మట్టి మీద నిలబడి సొంతవాళ్ళను ఈసడించి చూడాలని ఎవరికీ తోచలేదు మరి.

అవతలికి దిగాలంటే తాడే గతి. తాళ్ళవాడు ముందు దిగుతూ, ఆమె జారకుండా తోకను నడుముకు చుట్టాడు. ఆమెకు ఒళ్ళు జలదరించింది. వెంటనే ఇద్దరి మధ్యా గోడలోంచి ఒక రాయి తల పెట్టి తాడును పక్కకు నెట్టింది.

"వదినా, మీకు పుణ్యముంటుంది. కిందికి దిగాక తీరిగ్గా అసహ్యించుకుందురుగాని!"

గోడక్క కళ్ళు మూసుకుంది. నడుము చుట్టూ ఉన్న తోక వెచ్చగా, గట్టిగా ఉంది. పనిచేసే చేతికుండే గరుకుతనం దానికీ ఉంది. జీవితమంతా తోకలు జిగటగా ఉంటాయని చెబుతూ బతికిన ఆమెకు ఆ సంగతి ఒప్పుకోవడం కష్టమైంది.

కింద తోకలవాళ్ళ వీధి ఉంది. అరుగుల మీద తాళ్ళ చుట్టలు, గుమ్మాలకు ఆరేసిన నార. రోజూ నెత్తిమీద నిలబడి తమను తిట్టే గొంతు నడుచుకుంటూ వస్తే ఎవరు ఊరుకుంటారు? వీధంతా ఆమెను చూసి మూతి తిప్పింది. అడుగడుక్కీ కాళ్ళ కింద రాళ్ళు మొలిచాయి. ఆమె తట్టుకుని పడబోయింది, పడబోతూ వాళ్ళను తిట్టుకుంది, ఇంకో నాలుగు మొలిచాయి. గోడ దగ్గర పదిమంది మగవాళ్ళు గునపాలతో ఉబ్బును పొడుస్తున్నారు. పోటుకొక రాయి పగిలేది. పగలగొట్టినవాడు "ఈ కొమ్ముల వెధవలు" అనగానే అక్కడే రెండు రాళ్ళు లేచేవి. పొద్దుటినుంచి అదే పని, ఒక్కడికీ అనుమానం రాలేదు. తెలివిలో రెండు జాతులకూ తేడా ఏమీ లేదని గోడక్కకు అప్పుడు తెలిసింది.

"తప్పుకోండి" అని అందరినీ నెట్టి సందు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పిడికిలి పట్టేంత సందు. లోపల చీకట్లో పొయ్యి నిప్పు మినుకుమంటోంది.

"ఒసే" అంది.

"వచ్చావా మహాతల్లీ!" లోపలినుంచి చెల్లెలి గొంతు, ఆయాసంతో. "గోడ మీద నీ పాట చాలలేదా, ఇంటికొచ్చి పాడుతున్నావా?"

సందు కొంచెం మూసుకుంది.

"నోరు ముయ్యవే, గాలి ఆడక చస్తావు."

"చస్తే నీకేం? ఊళ్ళో సన్మానం చేస్తారు. కొమ్ముకు బంగారం తొడిగారటగా, వినబడింది."

"తల్లి పోతే రానిదానివి, నువ్వా నన్ను..."

"రానిదాన్నా?" చెల్లెలి గొంతు ఒక్కసారి తగ్గింది. అరుపు కన్నా ఆ తగ్గు గొంతుకే గోడక్కకు భయమేసింది. "వచ్చానే. అమ్మ పోయిందని తెలిసి పరిగెత్తుకొచ్చాను. ఇక్కడే, ఈ గోడ దగ్గరే నిలబడి రాయితో తట్టాను. అమ్మ మన గది తలుపు తట్టేది చూడు, రెండు దెబ్బలు, ఆగి ఇంకొకటి. అలా తట్టాను. మనిషి దూరేంత సందిస్తావేమో, అమ్మ మొహం చూసి పోదామని. పైనుంచి నీ గొంతు వినబడింది. నన్నే తిడుతున్నావు. నా కళ్ళముందే గోడ మందమైంది. చెయ్యి నెత్తురు కారేదాకా తట్టి తట్టి ఇంటికి పోయాను."

గునపాలు ఆగాయి. గోడక్క సందు అంచు పట్టుకుని ఇంకా దగ్గరికి వంగింది. అబద్ధం చెప్పడానికి వీలుంది. గాలి హోరులో వినబడలేదనవచ్చు. గుంపు నమ్మేది, చెల్లెలూ నమ్మేదేమో.

"విన్నాను" అంది.

"ఏం విన్నావు?"

"నువ్వు తట్టడం. రెండు, ఆగి ఇంకొకటి. నువ్వేనని తెలుసు. తెలిసే గొంతు పెంచాను. అమ్మను ఒక్కదాన్నే మోశాను, ఒక్కదాన్నే ఏడవాలనుకున్నాను. నీకు వాటా ఇవ్వబుద్ధి కాలేదు. తరవాత నువ్వు రాలేదని చెప్పుకుంటూ బతికాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను."

ఆ మాటతో ఆమె వైపు రాళ్ళు భళ్ళున రాలిపోయాయి. నిన్న ఊరంతా ఈలలు వేసి మెచ్చుకున్న ఉబ్బు ఇసుక కుప్పై ఆమె ఒళ్ళో పడింది, సందు తలకాయ దూరేంత వెడల్పైంది. ఏ తప్పు మీద చెల్లెలిని ఈసడించిందో ఆ తప్పే లేదు, ఇక రాయి దేని మీద నిలబడుతుంది?

కానీ లోపలివి చెల్లెలి రాళ్ళు. అవి మనసు మార్చుకోవడానికి ఇంకా కారణం దొరకలేదు, పైగా గట్టిపడడానికి ఇప్పుడే దొరికింది.

"తెలిసే చేశావా" అంది చెల్లెలు. అంతే. సందు నాలుగువైపులనుంచీ ముడుచుకోసాగింది. తాళ్ళవాడు కెవ్వున అరిచాడు. గోడక్క ఏమీ ఆలోచించలేదు. తలకాయ సందులో దూర్చేసింది.

కొమ్ములు లోపల ఇరుక్కున్నాయి. రాళ్ళు మెడ చుట్టూ బిగుసుకున్నాయి.

"తల తియ్యవే పిచ్చిదానా!" లోపల చెల్లెలి అరుపు.

"తియ్యను. ఇది పూడిందంటే నీకు గాలి ఉండదు."

"నలిగి చస్తావు!"

"నీ రాళ్ళే కదా, నలపనీ. తిట్టుకో. కడుపారా తిట్టుకో, నేనెక్కడికీ పోను."

రాళ్ళు ఇంకా బిగిశాయి. గోడక్కకు కళ్ళు బైర్లు కమ్మాయి. చెల్లెలు రెండు చేతులతో అక్క చెంపలు పట్టుకుని బయటికి నెడుతోంది, తన రాళ్ళను తనే ఆపలేక ఏడుస్తోంది. "నాకు కోపం పోవడం లేదే, ఏం చెయ్యను, పోవడం లేదే" అంటోంది. అప్పుడు దొరగారి బంగారు తొడుగు ఆ ఒత్తిడికి టప్‌మని ఊడి, ఎగిరి, చెల్లెలి ముక్కు మీద తగిలి, పొయ్యి మీదున్న అన్నం గిన్నెలో పడింది.

ఇద్దరూ గిన్నె వంక చూశారు. తొడుగు ఊడిన చోట కొమ్ము కందిపోయి, రంగుపోయి, నవ్వు పుట్టించేలా సన్నగా ఉంది.

"ఇత్తడే! బంగారం కూడా కాదు" అంది చెల్లెలు, గిన్నెలోకి తొంగి చూసి. "దీనికోసమా నన్ను గోడలో కలిపావు?"

"దానికోసమే" అంది గోడక్క, బుద్ధిగా.

చెల్లెలికి నవ్వు తన్నుకొచ్చింది. ఏడుపు మధ్యలో వచ్చిన నవ్వు కనక ఎక్కిళ్ళు కూడా పట్టుకున్నాయి. ఇంతటి తెలివితక్కువదాన్నా ఇన్నాళ్ళూ మోసుకు తిరిగింది మనసులో! ఇత్తడి తొడుగు పెట్టుకుని రాళ్ళ మధ్య తల ఇరికించుకున్న మనిషిని ఎంతని ఈసడిస్తాం? నవ్వుతూనే అక్క తలను ఒళ్ళోకి లాక్కుంది. లాక్కున్నప్పుడు రాళ్ళు అడ్డం రాలేదు. ఇసుకే అడ్డం వచ్చింది, ఇద్దరి నోట్లోనూ పడింది.

అక్కడ గోడ పోవడంతో పైనున్నది కూడా జారింది. ఇసుక మీదుగా దొర్లుతూ ఒకాయన వచ్చి వీధి మధ్యలో పడ్డాడు. పెద్దకొమ్ము దొర. గోడ కూలుతోందని పరిగెత్తుకొచ్చి, దాంతోపాటే కిందికి వచ్చేశాడు. లేచి దుమ్ము దులుపుకోకుండానే వేలు చూపించాడు.

"ఏం చేస్తున్నావ్! ఈసడించు! వీళ్ళు తోకలవాళ్ళు, శత్రువులు! నీ కొలువేమిటో మర్చిపోయావా? ఎవరినో ఒకరిని ఈసడించవే!"

గోడక్క ఒళ్ళంతా ఇసుకతో, కుడికొమ్ము కందిపోయి, చెల్లెలి చెయ్యి పట్టుకుని నిలబడి ఆయన వైపు చూసింది. చెల్లెలు చూసింది. తాళ్ళవాడు చూశాడు. గునపాలవాళ్ళు చూశారు. కూలిన గోడ అంచున నిలబడ్డ కొమ్ములవాళ్ళూ చూశారు. ఎవరూ నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. దొర చుట్టూ మోకాలిదాకా, నడుందాకా, మెడదాకా రాళ్ళు లేచాయి. మంచి నున్నటి రాళ్ళు, బీట లేని పని. రెండు జాతులూ కలిసి కట్టిన రెండో కట్టడం అది, మొదటిదానికన్నా చాలా బాగా కుదిరింది. ఇప్పటికీ ఉంది. పొద్దునోసారి, సాయంత్రమోసారి ఎవరో ఒకరు ఆయనకు అన్నం పెడతారు. ఆయన గురించి ఒక మంచిమాట వెతికి చూడమ్మా అని ఊరి పెద్దలు గోడక్కను అడిగారు. ఆమె నిజాయితీగా వెతికింది. ఇంకా దొరకలేదు.

మిగిలిన గోడ పొడుగునా అక్కడక్కడా ఉంది, అక్కడక్కడా లేదు. ఒక్క పూటలో బాగుపడేంత మంచి జాతులు కావు అవి. గోడక్క మంచె దిగి చెల్లెలి ఇంట్లోనే ఉంటోంది, నార దువ్వుతోంది. అక్కాచెల్లెళ్ళు రోజుకోసారైనా పోట్లాడుకుంటారు, ఇద్దరి మధ్యా గవ్వంత రాయి కూడా మొలవదు.

ఒక్కటి మాత్రం ఉంది. ఆ ఇల్లు సరిహద్దు మట్టి మీదే కట్టింది. రోజూ నిద్ర లేచేసరికి గోడక్క పక్కలో, గుండె ఆనే చోట, ఒక గులకరాయి మొలిచి ఉంటుంది. ఆ పక్కలో ఆమె తప్ప ఇంకెవరూ పడుకోరు. అది ఎవరి మీద మొలిచిందో ఆమె చెల్లెలికి చెప్పలేదు. చెల్లెలు అడగలేదు. పక్క దులిపేటప్పుడు చెల్లెలే దాన్ని తీసి, గుమ్మం మీద రెండుసార్లు తట్టి, ఆగి ఇంకోసారి తట్టి, వీధిలోకి విసిరేస్తుంది.

ఈమధ్య అది కాస్త చిన్నదవుతోందని చెల్లెలు అంటుంది. గోడక్క ఒప్పుకోదు.